పాటకు ముందు ఒక మాట

పోయినేడు వినాయక నిమజ్జనం రోజుకి తిరువూరులో ఉన్నాను. రాత్రి తొమ్మిది దాటాక ఊరేగింపు బోసుబొమ్మ సెంటరు మీదుగా మా వీధిలోకి తిరిగింది. ముందు డప్పులు, వెనక కుర్రాళ్ళు, ఆ వెనక ట్రాక్టరు ట్రక్కు నిండా డీజే బాక్సులు. బేస్ కొట్టినప్పుడల్లా మా కిటికీ తలుపులు గడగడలాడుతున్నాయి. నాయనమ్మకి ఎనభై దాటాయి. ఈ మోతకి నిద్ర లేచి అందర్నీ తిడుతుందనుకున్నాను. ఆవిడ మంచం మీద లేచి కూచుని, కాసేపు చెవి అటు పెట్టి విని, "ఇదేందిరా, ఇది మా నాట్ల పాట గదా! ఈళ్ళకెట్టా తెలిసింది?" అంది.

నేను నమ్మలేదు. వినపడుతున్నదల్లా రెండు ముక్కలు. స్పీడు పెంచి సన్నగా చేసిన ఆడగొంతు, దాని కింద ఎలక్ట్రానిక్ బీటు. కానీ నాయనమ్మ ఆ రెండు ముక్కల తర్వాత వచ్చే మూడో ముక్కని, డీజే కోసి పారేసిన ముక్కని, వాళ్ళకంటే ముందే అందుకుని పాడేసింది. ఫోను తీసి, పాట వింటే పేరు చెప్పే యాప్‌ని కిటికీ దగ్గర పెట్టాను. ఒక డీజే పేరు, పక్కన రీమిక్స్ అన్న మాట, ఆ ఏడాది తేదీ వచ్చాయి. అంతే. ఎవరు కట్టారు, ఎవరు పాడారు, ఎక్కడి పాట, ఏమీ లేదు.

"ఇది నీకెవరు నేర్పారు?" అని అడిగాను. "ఇంకెవరు, మేస్త్రమ్మ. నాట్లకి ముఠాని తోలుకొచ్చేది గదా, ఖమ్మం వైపు నుంచి. ఆమె ఎత్తుకుంటే మేం అందరం అందుకునేవాళ్ళం" అంది. పేరు అడిగితే గుర్తులేదు. "మేస్త్రమ్మ అంటే చాలు గదరా అప్పుడు" అంది.

నాకు పాటలు వెతకడం, దొరికినవాటిని పదిమందికి పంపడం అలవాటు. "తెలుగులో ఇండీ ఏమన్నా ఉంటే చెప్పు", "సినిమావి కాకుండా ఏదైనా పంపు" అని హైదరాబాదులో స్నేహితులు అడుగుతుంటారు. నేను లింకులు పంపుతుంటాను. ఆ రాత్రి నా పాత మెసేజీలన్నీ వెనక్కి తిప్పి చూసుకున్నాను. వందల లింకులున్నాయి. ఒక్కదాని పక్కనా ఒక్క మనిషి పేరు లేదు. "ఇది విను", "సూపర్ ఉంది", ఒక నిప్పు బొమ్మ. యాప్ చేసిన పనే నేనూ చేస్తున్నాను.

సినిమా బయట పుట్టిన తెలుగు పాట ఒక చెవి నుంచి ఇంకో చెవికి ఎలా చేరుతూ వచ్చిందో, ఆ దారిలో పేర్లు ఎక్కడ నిలబడ్డాయో, ఎక్కడ జారిపోయాయో చూద్దామని మొదలుపెట్టిన వ్యాసం ఇది.

*

పేరు జారిపోకుండా మన పాతవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. పేరుని పాటలోనే కుట్టేశారు. దాన్ని ముద్ర అంటారు. త్యాగరాజు కృతి చివర త్యాగరాజు పేరు ఉంటుంది. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు ఉంటాడు. మన కృష్ణా జిల్లా మొవ్వ ఊరివాడని ఆయన్ని చెప్పుకోవడానికి ఆ ముద్రే పెద్ద ఆధారం. కాగితం చిరిగినా, పాడేవాళ్ళు మారినా, పాట ఉన్నంతకాలం పేరూ ఉంటుంది. ఇవాళ ఫైలు లోపల కనపడకుండా దాచే వివరాలని మెటాడేటా అంటున్నారు. ముద్ర మెటాడేటాలాంటిదే, కాకపోతే పాడితే వినపడుతుంది.

కానీ ముద్ర అందరికీ లేదు. నాట్ల పాటకి, తిరగలి పాటకి, జోల పాటకి ముద్ర వేసుకునే తీరిక ఎవరికీ లేదు, వేసుకోవాలన్న ఊహా లేదు. అవి పదిమంది నోళ్ళలో పడి మారుతూ ఉండేవి. పాట ఎత్తుకునే మనిషి మన కళ్ళ ముందే, మనతోపాటే మోకాలి లోతు బురదలో ఉన్నప్పుడు పేరు రాసుకోవాల్సిన పనేముంది? పాట మనిషిని వదిలిపెట్టి ఒంటరిగా ప్రయాణం చేయడం మొదలుపెట్టాకే పేరుతో పని పడింది. ఆ ప్రయాణం గ్రామఫోనుతో మొదలైంది.

1902 నవంబరులో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు ఇంజనీరు గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. మూడు నిమిషాల్లో రాగం, పాట అన్నీ ముగించి చివర్లో ఆవిడ ఇంగ్లీషులో తన పేరు చెప్పుకునేది. అది గొప్ప కోసం కాదు. ఆ రికార్డులు జర్మనీలో హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడి పనివాళ్ళకి ఏ పాట ఎవరిదో తెలియాలి, సరైన లేబులు అంటించాలి. అందుకని ఆ చిన్న మాట. దాన్ని మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, యంత్రం చేతికి పాటని అప్పజెప్పే ముందు ఒక కళాకారిణి తీసుకున్న జాగ్రత్తలా ఉంది.

మా వైపు గ్రామఫోనుకి ముందు నాటకం ఉంది. తిరువూరు నుంచి బెజవాడ వెళ్ళే దారిలోనే మైలవరం తగులుతుంది. ఇప్పుడు బస్సు అక్కడ ఆగితే టీ తాగి ఎక్కేస్తాం. 20వ శతాబ్దం తొలి దశకాల్లో ఆ ఊరి జమీందారు పోషణలో నడిచిన నాటక సమాజం పేరు ఆంధ్ర దేశమంతా తెలుసు. పాపట్ల కాంతయ్య కట్టిన వరుసలు, యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి పాడిన పద్యాలు ఊరూరా పాకాయి. రామనాథశాస్త్రి పద్యాలు రికార్డులుగానూ వచ్చాయి. ఆ రోజుల్లో జనం "ఆ పద్యం" అనేవాళ్ళు కాదు, "కపిలవాయి బాణీ" అనేవాళ్ళు. మనిషి పేరే సంగీతానికి చిరునామా. ఇవాళ ప్లేలిస్టులకి "వాన సాయంత్రం", "లాంగ్ డ్రైవ్" అని పేర్లు పెట్టుకుంటున్నాం, పాట మన మూడ్‌కి చెందింది అన్నట్టు.

*

"ఇండీ" అన్న మాట మనకి కొత్త గానీ ఆ సరుకు కొత్తది కాదు. గ్రామఫోను రోజుల్లో దాన్ని "ప్రైవేటు పాట" అనేవాళ్ళు. సినిమాలో లేని పాట అని అర్థం. ఏది కాదో చెప్పే పేరు తప్ప ఏమిటో చెప్పే పేరు కాదు. ఇండిపెండెంట్ అన్న మాట కూడా అంతే కదా. దేన్నుంచి ఇండిపెండెంట్? తెలుగులో ఆ ప్రశ్నకి ఎనభై ఏళ్ళుగా ఒకటే జవాబు: సినిమా నుంచి.

సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి ప్రైవేటు గీతాలు వినని వాళ్ళుంటే ఇవాళే వినండి. ఒక వైపుకి మూడు నిమిషాల చిల్లర పట్టే 78 ఆర్‌పీఎం రికార్డు, కొద్దిపాటి వాద్యాలు, మైకుకి దగ్గరగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు పాడే గొంతు. ఇవాళ హెడ్‌ఫోన్లలో వినే బెడ్‌రూమ్ పాప్‌కి ఏ లక్షణాలు చెబుతారో అవన్నీ అక్కడున్నాయి. సినిమాలో ఆ పాటకి ఒక కథ, ఒక నాయిక, ఒక తోట ఉండాలి. ప్రైవేటు పాటకి అవేవీ అక్కర్లేదు. వినేవాడే అందులో పాత్ర.

జానపదానికి కూడా ఆ కాలంలోనే రికార్డుల గది తలుపులు తెరుచుకున్నాయి. 1920లో పుట్టిన వింజమూరి అనసూయాదేవి, ఆమె చెల్లెలు సీతాదేవి పల్లెపాటల్ని సభావేదిక మీదకి, రేడియోలోకి, రికార్డుల్లోకి తీసుకొచ్చారు. అప్పటిదాకా పొలంలో పాడితే పాట, సభలో పాడితే నామోషీ. అనసూయాదేవి పాటలు సేకరించి, స్వరపరిచి, పుస్తకాలుగా కూడా వేశారు. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన జయగీతానికి వరుస కట్టిందీ ఆవిడే. 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూశారు.

ఇక్కడే ఒక చిక్కుంది. లేబులు మీద గాయని పేరు వచ్చింది. ఆ పాట ఆమెకి నేర్పిన మనిషి పేరు రాలేదు. తర్వాత రోజుల్లో దానికి ఒక మాట కుదిరింది: "సేకరణ". పరిశోధనలో అది అవసరమైన మాటే. బిరుదురాజు రామరాజు 1950ల్లో తెలుగు జానపద గేయాల మీద చేసిన పరిశోధన లేకపోతే మనకి ఎన్ని పాటలు మిగిలేవో చెప్పలేం. అయితే సేకరణ అన్నాక, ఎవరి దగ్గర అన్న ప్రశ్న కూడా ఉండాలి. మన లేబుళ్ళ మీద ఆ ప్రశ్నకి జాగా తక్కువ. మేస్త్రమ్మ అప్పుడే జారిపోవడం మొదలైంది.

*

మద్రాసు ఆకాశవాణి 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న. నాకు తెలిసిన రేడియో దానికి చాలా తర్వాతిది, 1980లనాటిది. మా నాన్న పొద్దున్నే స్టేషను పెట్టేవాడు. భక్తిరంజని అయ్యేలోపు నేను పళ్ళు తోముకోవాలి. పాట ఒక్కటీ గుర్తులేదు గానీ, పాటకి ముందు వచ్చే మాటల లయ ఇప్పటికీ చెవిలో ఉంది. రచన ఫలానా, సంగీతం ఫలానా, పాడినవారు ఫలానా. మూడు పేర్లు, వాటి మధ్య చిన్న ఆగుడు. తర్వాత పాట. ఎంత చిన్న పాటకైనా అంతే.

ఆ మాటని మేం అప్పుడు పట్టించుకోలేదు. అది లేకుండా పోయాక గాని దాని విలువ తెలియలేదు. బాలాంత్రపు రజనీకాంతరావు అనే పేరు నాకు పుస్తకాల్లో తెలియలేదు, ఆ అనౌన్సుమెంట్లలో తెలిసింది. 1941లో మద్రాసు కేంద్రంలో చేరిన రజని తర్వాత విజయవాడకి వచ్చారు. రాశారు, వరుసలు కట్టారు, పాడించారు. ఆయన రాసిన "ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము"కి 1961లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ముద్రలు వేసుకున్నవాళ్ళ చరిత్ర రాసిన మనిషే, పేర్లు చదివి వినిపించే రేడియోలో జీవితమంతా పనిచేశారన్నమాట.

రేడియోలో ప్రైవేటు పాటకి "లలిత గీతం" అన్న మంచి పేరు దొరికింది. దాని వెనక ఒక ప్రభుత్వ పంతం కూడా ఉంది. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటంటే పడదు. ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. శ్రోతలు బుద్ధిగా శాస్త్రీయ సంగీతం వింటారనుకున్నాడాయన. శ్రోతలు ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టి ప్రభుత్వం రాజీ పడింది. కానీ ఆ మధ్యకాలంలో ఆకాశవాణి ఒక మంచి పని చేసింది. సినిమా పాట వదిలిన ఖాళీని నింపడానికి కేంద్రాల్లో తేలిక సంగీతం విభాగాలు పెట్టి, కవుల చేత రాయించి, కొత్త గొంతుల చేత పాడించింది. విడుదల తేదీ, హీరో, పంపిణీదారు లేని పాటకి నెల జీతం ఇచ్చిన ఏకైక సంస్థ అది. పాలగుమ్మి విశ్వనాథం పాటలు వేదవతీ ప్రభాకర్ గొంతులో వినండి. తల్లి కూతురితో మాట్లాడే మాటలు అంత నిదానంగా సినిమాలో పాడనిచ్చేవారా అనిపిస్తుంది.

కొత్త పాటని పరిచయం చేసే పద్ధతి కూడా రేడియోకి ఉంది. "ఈ మాసపు పాట" అని నెలకొక పాటని పట్టుకుని, మళ్ళీమళ్ళీ వినిపించేవారు. ఇవాళ శుక్రవారం శుక్రవారం వందల కొత్త పాటలు ఫోనులోకి వచ్చి పడుతున్నాయి. నెలకి ఒక్క పాట! వినడానికి పేదరికంలా ఉంది. కానీ ఆ నెల గడిచేసరికి ఆ పాట, దాని మూడు పేర్లు, ఇంటిల్లిపాదికీ వచ్చేసేవి.

ఇక వివిధ భారతిలో, సిలోన్‌లో కోరిన పాటలు. అక్కడ పాడినవాళ్ళ పేర్లతో పాటు కోరినవాళ్ళ పేర్లూ, ఊళ్ళూ చదివేవారు. సిలోన్ తెలుగు ప్రసారాల్లో మీనాక్షీ పొన్నుదురై గొంతు విన్నవాళ్ళు ఆ పేర్ల వరుసని ఇప్పటికీ తలుచుకుంటారు. మా వీధిలో ఒకాయన కార్డు మీద కార్డు రాసేవాడు. ఒక మధ్యాహ్నం రేడియోలో "తిరువూరు నుంచి" అని వినపడగానే వీధి వీధంతా బయటికొచ్చింది. పాట ఏమిటో ఎవరికీ గుర్తులేదు. పాటని ఇంకొకరికి సూచించిన మనిషికి కూడా ఒక పేరుంటుందని మాకు ఆ రోజు తెలిసింది.

*

నా తరానికి పాటలు పంచిపెట్టింది రేడియో కాదు, క్యాసెట్టు రికార్డింగు షాపు. బస్టాండు దగ్గర ఒక చెక్క బంకు. షాపాయన్ని అందరం అన్నా అనేవాళ్ళం. ఖాళీ క్యాసెట్టు కొని, కావలసిన పాటల చీటీ రాసిచ్చి వెళ్తే మర్నాడు సాయంత్రానికి ఎక్కించి ఉంచేవాడు. చీటీలో రాసేవన్నీ సినిమా పాటలే.

60 నిమిషాల క్యాసెట్టులో ఒక వైపు 30 నిమిషాలు. నాలుగున్నర నిమిషాల పాటలు ఆరు ఎక్కిస్తే మూడు నిమిషాలు మిగులుతాయి. ఏడో పాట పట్టదు. మిగతా షాపుల్లో ఆ జాగా ఖాళీగా వదిలేసేవాళ్ళు. ఈ అన్న వదిలేవాడు కాదు. అక్కడ తనకి నచ్చింది ఒకటి ఎక్కించేవాడు. నేను అడగనిది, నేను ఎప్పుడూ విననిది. ఒకసారి రేడియో నుంచి పట్టిన లలిత గీతం, ఒకసారి వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర యాసలో పాడిన పాట, ఒకసారి ఇళయరాజా సినిమా బయట 1986లో చేసిన "హౌ టు నేమ్ ఇట్"లోంచి ఒక ముక్క. పాట మధ్యలో టేపు అయిపోయి ఠక్కుమని ఆగిపోయేది. మిగతాది వినాలంటే మళ్ళీ షాపుకెళ్ళాలి. అది వ్యాపార రహస్యం అనుకోవచ్చు, నేనైతే చదువు అనుకుంటాను.

క్యాసెట్టు అట్ట మీద పాటల పేర్లు రాసి, చివర ఆ అడగని పాట దగ్గర మాత్రం ఎవరు రాశారో, ఎవరు పాడారో కూడా రాసేవాడు. సినిమా పాటలకి రాయడు. "అయ్యి అందరికీ తెలుస్తయ్యి గదా. ఇది నేను చెప్పకపోతే నీకెవడు చెప్తాడు?" అన్నాడొకసారి.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. అదంతా కాపీ వ్యాపారమే. ఆయన పేర్లు రాసిన కళాకారులెవరికీ ఒక్క రూపాయి ముట్టలేదు. పేరు ఇచ్చాడు, డబ్బు ఇవ్వలేదు. ఇవాళ యాప్‌లు పావలో పరకో డబ్బు ఇస్తున్నాయి, పేరు మింగేస్తున్నాయి. రెండూ అన్యాయాలే. కాకపోతే మొదటి అన్యాయంలో ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్ళే దారి మిగిలింది.

పేరు చెప్పకపోవడమే మంచిదైన సందర్భం కూడా క్యాసెట్టు కాలంలో ఉంది. జననాట్యమండలి పాటలు చేతులు మారుతూ మా వైపు కూడా వచ్చేవి. వాటి మీద అట్ట ఉండేది కాదు, ఏమీ రాసుండేది కాదు. ఎవరి దగ్గర దొరికిందో పోలీసులకి తెలిస్తే ప్రమాదం. గద్దర్ అన్నదే పెట్టుకున్న పేరు, గదర్ పార్టీ గుర్తుగా. అసలు పేరు గుమ్మడి విఠల్. ఆ పాటలకి పేరు దాచడం ఒక రక్షణ. అయినా ఎవరి గొంతో ఊరందరికీ తెలుసు. దాచిన పేరుకీ, పోయిన పేరుకీ తేడా ఉంది. దాచింది ఎవరో ఒకరి దగ్గర భద్రంగా ఉంటుంది.

*

ఇప్పటికి వద్దాం. సినిమా బయట తెలుగు పాట ఇవాళ ఉన్నంత పచ్చగా ఎప్పుడూ లేదేమో. హైదరాబాదులో చౌరస్తా బృందం పల్లె మాటని రెగ్గే నడకలో పెట్టి పాడింది. రామ్ మిరియాల అందులోంచే సినిమాకి వెళ్ళాడు. కరీంనగర్ నుంచి శ్రీకాకుళం దాకా చిన్న చిన్న యూట్యూబ్ ఛానెళ్ళు వారానికొక జానపదం చిత్రీకరించి పెడుతున్నాయి. ఒక కెమెరా, ఒక కీబోర్డు, ఒక పొలం గట్టు. సాయంత్రానికల్లా దాని డీజే మిక్సు తయారు. ఎలక్ట్రానిక్ సంగీతం అంటే ఎక్కడో బెర్లిన్ క్లబ్బుల్లో ఉంటుందనుకునే స్నేహితులకి నేను చెప్పేది ఒకటే: మన దగ్గర అది ట్రాక్టరు మీద ఊరేగుతుంది. దాన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. ఆ రాత్రి బీటు బాగుంది. నాయనమ్మ కాలు కూడా కదిలింది.

గొడవ బీటుతో కాదు. 2021లో "లవ్ స్టోరీ" సినిమాలో "సారంగదరియా" పాట వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? కోట్లమంది విన్నారు. ఆ జానపదాన్ని అంతకుముందే సేకరించి టీవీ వేదిక మీద పాడిన గాయని కోమల, నా సంగతేమిటని అడిగింది. సుద్దాల అశోక్‌తేజ లాంటి పెద్ద కవి రాసినా, జానపదం అందరిదీ అన్న వాదన వచ్చినా, ఆ ప్రశ్న ఆగలేదు. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకి గుర్తింపు ఇస్తామని బహిరంగంగా చెప్పాల్సొచ్చింది. అందరిదీ అంటే ఎవరిదీ కాదని కాదు. ఒకరి నుంచి ఒకరికి వచ్చింది అని. ఆ ఒకరినీ ఒకరినీ చెప్పగలిగినంత వెనక్కి వెళ్ళి చెప్పడమే మర్యాద.

పేరు ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఎలక్ట్రానిక్ సంగీతంలోనే ఒక మంచి కథ ఉంది. బొంబాయిలో సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ యంత్రాల మీద పది రాగాల్ని డిస్కో నడకలో పెట్టి ఒక రికార్డు చేశాడు. అది అమ్ముడుపోలేదు, అందరూ మర్చిపోయారు. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ సేకర్తకి ఢిల్లీ పాత రికార్డుల షాపులో అది దొరికింది. విని బిత్తరపోయాడు. ఎందుకంటే అదే యంత్రాలతో షికాగో కుర్రాళ్ళు ఆసిడ్ హౌస్ అనే సంగీతం పుట్టించింది ఆ తర్వాత నాలుగైదేళ్ళకి. అట్ట మీద పేరుంది కాబట్టి బౌమన్ ఆ మనిషిని వెతికి పట్టుకున్నాడు. 2010లో రికార్డు మళ్ళీ వచ్చింది. డెబ్బై ఏళ్ళ వయసులో చరణ్‌జిత్ సింగ్ యూరప్ వేదికల మీద దాన్ని వాయించాడు. 2015లో పోయాడు. అట్ట మీద పేరు లేకపోతే అది ఒక వింత శబ్దంగా మిగిలిపోయేది. పేరు ఉంది కాబట్టి ఒక ముసలాయనకి చివరి ఐదేళ్ళు దొరికాయి.

మన దగ్గర కూడా అలా అట్టలు దాచినవాళ్ళున్నారు. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు వేల గ్రామఫోను రికార్డులు పోగుచేసి, ఏ పాట ఎవరిదో కచ్చితంగా చెబుతూ, తప్పు చెప్పినవాళ్ళని మొహమాటం లేకుండా దిద్దుతూ వచ్చారు. చాలామందికి అది చాదస్తంలా కనపడుతుంది. ఆ చాదస్తం లేకపోతే పైన నేను రాసిన పేర్లలో సగం నాకు తెలిసేవి కావు.

*

నిమజ్జనం మర్నాడు నాయనమ్మ పక్కన కూచుని ఫోనులో ఆ పాట రికార్డు చేశాను. మొత్తం పదకొండు చరణాలు. డీజే దగ్గర ఉన్నవి రెండు. మధ్యలో రెండుసార్లు దగ్గొచ్చి ఆగింది, ఒకచోట మర్చిపోయి నవ్వింది. వాటిని కోసెయ్యలేదు. మొదలుపెట్టే ముందు, రేడియోలో చెప్పినట్టు చెప్పమన్నాను. సిగ్గుపడింది. తర్వాత గొంతు సవరించుకుని తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది. అంతటితో ఆగలేదు. "ఈ పాట నాకు మేస్త్రమ్మ నేర్పింది. ఖమ్మం వైపు నుంచి నాట్లకొచ్చేది. మడమ మీద పచ్చబొట్టు ఉండేది. గొంతు పెద్దది, మూడు మళ్ళ అవతలికి వినపడేది" అంది. ఆ తర్వాతే పాట ఎత్తుకుంది.

పేరు దొరకలేదు. పేరున్నచోట ఒక పచ్చబొట్టు, ఒక పెద్ద గొంతు దొరికాయి. యాప్ చెప్పినదానికంటే అవి చాలా ఎక్కువ.

అప్పట్నుంచి స్నేహితులకి లింకు పంపేటప్పుడు కింద ఒక వాక్యం రాస్తున్నాను. ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఎవరు పాడారు, నాకు ఎవరి దగ్గర దొరికింది. తెలియకపోతే వెతుకుతాను. ఒక్కోసారి అరగంట పడుతుంది, అందుకని ఇదివరకులా రోజుకి పది పంపలేకపోతున్నాను. వారానికి ఒకటి పంపుతున్నాను. కానీ ఈమధ్య జవాబుల్లో నిప్పు బొమ్మలు తగ్గాయి. "ఈవిడవి ఇంకా ఏమున్నాయి?" అని అడుగుతున్నారు.

డీజే మిక్సు కింద కామెంటులో కూడా రాశాను, తిరువూరు దగ్గర నాట్లలో ఈ పాట ఎవరు ఎత్తుకునేవారో. మర్నాడు ఆ కుర్రాడే జవాబిచ్చాడు. "అన్నా, మా అమ్మమ్మ కూడా ఇదే పాడుద్ది. మిగతా చరణాలు ఉంటే పంపవా?"

పంపాను. దగ్గులతో సహా.